పోటుతో లోనికి.. ఆటుతో వెనక్కి

రేపల్లె: తెనాలి నుంచి వచ్చే రైలుకు రేపల్లె చివరి స్టేషన్. అక్కడికి దక్షిణాన నిజాంపట్నం, లంకెవానిదిబ్బ పరిసరాల్లో మడ అడవుల మధ్య ఉప్పునీటి పాయలు ఉన్నాయి. బాపట్ల సమీపంలోని సూర్యలంక తీరంలో మాదిరిగా ఇక్కడ కెరటాలు విరుచుకుపడవు. ఒకరిద్దరు కూర్చుని తెడ్డు వేసే కయాక్ వంటి తేలికపాటి పడవకు లోతు తక్కువైన ఇటువంటి నీరే అనువైనది. అయితే ఈ ప్రశాంతతను చూసి ఏమరుపాటు తగదు.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది. రెండు పోట్ల మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల పోటు వేళ ఏ రోజుకారోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్నటి లెక్క నేటికి పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఉద్ధృతి మరింత ఎక్కువ.

ఆటు వేళ పాయలోని నీరు సముద్రం వైపు లాగుతుంది. ఎదురు తెడ్డు వేయడం కష్టం. నీరు తీసిన తరువాత పడవ బురదలో చిక్కుకుంటుంది. దిగి నడవాలన్నా కాళ్లు కూరుకుపోతాయి, మడచెట్ల శ్వాసవేర్లు గుచ్చుకుంటాయి.

కనుక పోటుతో పాటే పాయ లోనికి వెళ్లి, ఆటు మొదలుకాగానే తిరుగుముఖం పట్టాలి. బయలుదేరే ముందు ఆనాటి పోటు వేళను స్థానిక మత్స్యకారులను అడిగి తెలుసుకోవాలి. అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి పొందాలి. లోతు మోకాలి వరకే ఉన్నా లైఫ్ జాకెట్ విడవరాదు.