పంపు చుక్కలు కార్చాలి! ఎందుకు?

ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం వెళ్తే తుంగభద్ర వస్తుంది. అక్కడ ఆయిల్ ఇంజను నీళ్లు తోడుతుంటే, పంపు షాఫ్టు దగ్గర చూడండి. చుక్కచుక్కగా నీరు కారుతుంటుంది. పంపు పాడైందా? కాదు, అలా కారాలి!

ఎందుకు?
షాఫ్టు నిమిషానికి సుమారు 1500 సార్లు తిరుగుతుంది. దాని చుట్టూ ఉన్న సందులోంచి నీరు చిమ్మకుండా, గ్రీజు పట్టించిన నూలు తాడును చుట్లుగా కూరుతారు. ఆ చుట్లను నొక్కిపట్టేదే గ్లాండు. తాడుకు రాసుకుంటూ తిరిగే షాఫ్టు వేడెక్కుతుంది. కారే ఆ కాస్త నీరే దాన్ని చల్లబరుస్తుంది. చుక్క కూడా రాకుండా బిగిస్తే తాడు మాడిపోతుంది, షాఫ్టు మీద గీతలు పడతాయి. మరీ వదులైతే ఒక్కోసారి గాలి దూరి పంపు నీళ్లెత్తదు.

ఎలా సరిచేస్తారు?
ఇంజను ఆపి, గ్లాండుకున్న రెండు నట్లనూ సమానంగా, కొంచెమే బిగిస్తారు. మళ్లీ నడిపి చుక్కలు చూస్తారు. తాడు అరిగిపోతే కొత్త చుట్లు వేస్తారు. వాటి అతుకులు ఒకే వరుసలో ఉండకూడదు. ఉంటే నీటికి దారి ఇచ్చినట్టే.

ఇంజను ఉన్న పాత తెరచాప పడవల్లో చాలావాటికీ ఇదే ఏర్పాటు. నీటిలోని పంకాను తిప్పే షాఫ్టు పడవ లోపలి నుంచే బయటికి వెళ్తుంది. అక్కడ కారిన నీరు పడవలోనే చేరుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు తోడిపోయాలి.

జాగ్రత్త! తిరిగే షాఫ్టు దగ్గరికి చెయ్యి, చున్నీ, తువ్వాలు ఏదీ పోనివ్వకండి.