గోల్ఫులో ‘ల్యాగ్’ – మన సమ్మెట చెప్పే పాఠం

అనంతపురం కాలేజీ సావనీరులో గోల్ఫు మీద వ్యాసమా అని నవ్వుకునే మిత్రులకు ముందుగానే ఒక మనవి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. పచ్చగడ్డి కోసం రోజుకు లక్షల లీటర్ల నీళ్లు తాగే ఆట ఇక్కడికి రావాలని నేను కోరుకోవడం లేదు. నీటికి కరువున్న చోట్ల ఒకప్పుడు గుంత చుట్టూ గడ్డికి బదులు నూనె కలిపిన ఇసుక పరిచి, ‘గ్రీన్స్’ అనకుండా ‘బ్రౌన్స్’ అనేవాళ్లు. మన నేలకు ఆ పేరైతే సరిపోతుంది గానీ, ఆట చూడాలంటే మనం బెంగుళూరు బస్సెక్కాల్సిందే. అక్కడి గోల్ఫ్ క్లబ్బు 1876 నాటిది.

అయితే ఆ ఆటలో అన్నిటికన్నా కష్టమని చెప్పే ఒక కిటుకు మాత్రం మన జిల్లాలో రాయి కొట్టే ప్రతివాడికీ తెలుసు. దాని పేరు ‘ల్యాగ్’. తెలుగులో చెప్పాలంటే వెనకబాటు. వెనుకబడిన జిల్లా వాళ్లం కనుక ఆ మాట మనకు కొత్త కాదు. ఇక్కడ మాత్రం వెనకబాటే లాభం!

సంగతేమిటంటే, కుడిచేతి వాటం ఆటగాడు క్లబ్బును పైకెత్తినప్పుడు ఎడమచేతికీ క్లబ్బు కర్రకూ మధ్య ఇంచుమించు లంబకోణం ఏర్పడుతుంది. కిందికి దించేటప్పుడు ముందు నడుము తిరుగుతుంది, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. క్లబ్బు చివరి బరువు మాత్రం అన్నిటికన్నా వెనక వస్తుంది. చేతులు తొడ దాకా దిగినా ఆ కోణం ఇంకా చాలావరకు అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా విచ్చుకుని బరువు ముందుకు దూసుకొస్తుంది. పైనుంచి దించడం మొదలైన దగ్గర్నుంచి బంతికి తగిలేదాకా పట్టే కాలం సుమారు పావు సెకను. మేటి ఆటగాళ్ల చేతిలో పొడుగు క్లబ్బు తల ఆ పావు సెకనులోనే గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది.

ఇంత వేగం ఎక్కడిది? 1968లో అలిస్టర్ కాక్రన్, జాన్ స్టాబ్స్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఒక పరిశోధక బృందం చేసిన పనిని పుస్తకంగా తెచ్చారు. వాళ్లు మనిషిని పక్కనబెట్టి, రెండు కడ్డీలను మడతబందుతో కలిపిన బొమ్మను ఊహించారు. పై కడ్డీ చెయ్యి, కింది కడ్డీ క్లబ్బు, మడతబందు మణికట్టు. ఫిజిక్సు విద్యార్థులకు ఇది జంట లోలకమని వెంటనే తెలిసిపోతుంది. పై కడ్డీని తిప్పితే కింది కడ్డీ మొదట ముడుచుకునే తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ దాని చివరి బరువు బయటికి లాగుతుంది, మడత దానంతటదే విచ్చుకుంటుంది. అలా విచ్చుకుంటూ అది పై కడ్డీని వెనక్కి గుంజుతుంది. పై కడ్డీ నెమ్మదిస్తుంది, అది పోగొట్టుకున్న శక్తి కింది కడ్డీకి చేరుతుంది. అందుకే మంచి ఆటగాడి చేతులు బంతి దగ్గరికి వచ్చేసరికి నిజంగా నెమ్మదిస్తాయి. చూసేవాడికి అతను బలమంతా పెట్టి బాదినట్టే ఉంటుంది.

కొత్తవాడు ఏం చేస్తాడు? బంతిని చూడగానే ఆత్రపడి, గాలం విసిరినట్టు మణికట్టును పైనుంచే విప్పేస్తాడు. క్లబ్బు తల వేగం సగం దారిలోనే అయిపోతుంది. బంతి దగ్గరికొచ్చేసరికి మిగిలేది చెమట.

నేను చేసిన తప్పు దీనికి తలకిందులు. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మామ ఒక పాత క్లబ్బు ఇచ్చాడు. ఒక పత్రికలో బెన్ హోగన్ ఫొటో చూశాను. చేతులు నడుము దిగినా క్లబ్బు ఇంకా భుజం వెనకే ఉంది. ‘ఓహో, కోణాన్ని పట్టి ఉంచాలన్నమాట’ అనుకుని, మణికట్లు బిగబట్టి ఎర్రమట్టి గ్రౌండులో నెలరోజులు కొట్టాను. బంతి కుడివైపు తుమ్మచెట్లలోకి పోయేది. క్లబ్బు ముఖం మూసుకునే వ్యవధి లేకపోతే అది కుడికి గాక ఎటు పోతుంది? చివరికి మణికట్టు వాచి పరీక్షల ముందు పెన్ను పట్టలేకపోయాను. ఫొటో కోణాన్ని చూపుతుందే గానీ ఆ కోణం ఎలా పుట్టిందో చెప్పదు. ఈ ముక్క నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలిసింది కూడా గోల్ఫు మైదానంలో కాదు, ఊరి బయట గుట్ట దగ్గర. ఒక ముసలాయన ఉలి మీద సమ్మెట వేస్తున్నాడు. ఆయన వంటిమీద కండ పెద్దగా లేదు. దెబ్బ మాత్రం ఖంగుమంటోంది. కట్టు కట్టిన చెయ్యి చూసి ఏమైందని అడిగాడు, చెప్పాను. నవ్వి సమ్మెట నా చేతికిచ్చాడు. నాలుగు దెబ్బలకే నా భుజాలు పట్టేశాయి.

“నువ్వు గుండును తోస్తాండావు సామీ. తోస్తే యాడ పోతాది? దాన్ని ఎనక రానీ.”

“వెనకే ఉండిపోతే ఎట్లా తాతా?”

“యాడికీ పోదులే, వస్తాది. అది వచ్చేదాకా చెయ్యి మెత్తగ పెట్టుకో. కామ బిగబడితే నీ చెయ్యి పగులుతాది గానీ రాయి పగలదు.”

ఆ సమ్మెట కామను చూస్తే సంగతి తెలుస్తుంది. అది గొడ్డలి కామలాగా లావుగా, గట్టిగా లేదు. సన్నటి వెదురు బద్దలతో చేసింది, పట్టుకుని ఊపితే వంగుతుంది. పైకెత్తి దించబోయేసరికి గుండు ఒక క్షణం వెనకే ఆగి కామను వంచుతుంది, ఆ బరువు అరచేతికి తెలుస్తుంది. దెబ్బ పడ్డాక రాతి అదురు కూడా ఆ వంపులోనే చాలావరకు కలిసిపోయి, చేతికి కొంచెమే వస్తుంది. రోజుకు వందల దెబ్బలు వేసేవాడికి ఈ రెండోది మొదటిదానికన్నా ముఖ్యం. గోల్ఫు క్లబ్బు ఉక్కు కర్ర కూడా వంగుతుంది గానీ ఆ వంపు కొత్త చేతికి తెలియనంత తక్కువ. అందుకే సమ్మెట మంచి గురువు.

ఇక ఆ ‘తెలియడం’ గురించి. బంతి క్లబ్బుకు అంటుకుని ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. తగిలిన కబురు చేతి నుంచి మెదడుకు చేరేలోగా బంతి గజం దాటి పోయి ఉంటుంది. అంటే దెబ్బ తగిలిందన్న స్పర్శ అయిపోయిన కథ, దాన్ని బట్టి ఏదీ దిద్దుకోలేం. దిద్దుకోవడానికి పనికొచ్చేది అంతకుముందు కలిగే స్పర్శ ఒక్కటే. హోమర్ కెల్లీ అనే అమెరికన్ 1969లో రాసిన పుస్తకంలో దానికి చోటు కూడా చెప్పాడు: కుడిచేతి చూపుడువేలు కర్రను ఆనుకునే చోట. క్లబ్బు నిజంగా వెనకబడి వస్తుంటే కర్ర ఆ వేలిని నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడి బంతి దాకా ఉండాలి. మధ్యలో పోయిందంటే మణికట్టు ముందే విప్పేశామన్నమాట. బిగబట్టి తెచ్చుకున్న ఒత్తిడి వేరు, అది వేళ్లన్నిటిలోనూ, మోచేతిలోనూ తెలుస్తుంది. ఈ రెంటికీ తేడా కాగితం మీద ఇంతకన్నా చెప్పలేను.

చేతికి చెప్పుకోవడానికి మాత్రం దారులున్నాయి. మొదటి ప్రపంచయుద్ధంలో కుడికాలు మోకాలి కింద పోగొట్టుకున్న ఎర్నెస్ట్ జోన్స్ అనే ఇంగ్లీషాయన తర్వాత అమెరికాలో పేరున్న గోల్ఫు గురువయ్యాడు. ఆయన పరికరం జేబురుమాలు, దాని కొసకు కట్టిన చాకు. రుమాలును తోయడం ఎవరివల్లా కాదు, ఊపడమే కుదురుతుంది. మన పల్లెల్లో జొన్నచేను మంచె మీద వడిసెల తిప్పిన పిల్లవాడికి ఈ పాఠం అక్కర్లేదు. గువ్వలను తోలడానికి రాయి వేసేటప్పుడు తాడు వేలిని గుంజుతుందే, అదే ల్యాగ్. గుంజుడు పోతే రాయి పక్కింటి చేలో పడుతుంది.

హాస్టల్లో చేయాలనుకునేవారు తువ్వాలు కొసకు ముడి వేసి, పాదాలు దగ్గర పెట్టుకుని, మెల్లగా ఊపి చూడండి. నడుము ముందు కదిలితే తువ్వాలు సాగి వెనకే వస్తుంది, చేతులు ముందు దూకితే మధ్యలో కుంగిపోతుంది. ఇది కుదిరాక క్లబ్బునో, ఏదైనా సన్నటి బెత్తాన్నో తీసుకోండి. క్లబ్బయితే తలకిందులుగా పట్టుకుని ఊపండి. గాలిలో ‘ఝుయ్’మని చప్పుడొస్తుంది. అది ఎక్కడ పుడుతోందో చెవితో కనిపెట్టాలి. కుడి భుజం దగ్గరే వినిపిస్తే ముందే విప్పేసినట్టు. బంతి ఉండాల్సిన చోట, లేదా దానికి కొంచెం అవతల వినిపించాలి.

సమ్మెట పట్టాక నా చప్పుడు భుజం దగ్గర్నుంచి తొడ దాకా దిగడానికి మూడు వారాలు పట్టింది. బంతి దగ్గరికి ఇంకా రోజూ రావడం లేదు. పదింటిలో మూడుసార్లు వస్తోంది, ఆ మూడింటికీ చెయ్యి నొప్పి ఉండటం లేదు. ముసలాయనకు చెబుదామని గుట్టకు పోతే అక్కడ కంప్రెసరు నడుస్తోంది. ఆయన పక్క ఊరిలో బండలు తీసే పనికి పోయాడని చెప్పారు.