లంగరు మీద కాపురం

కరీబియన్ సముద్రంలో సెయింట్ విన్సెంట్ అండ్ ది గ్రెనడీన్స్ అనే చిన్న దేశపు ప్రధాన దీవి సెయింట్ విన్సెంట్‌కు దక్షిణాన, ఫెర్రీలో గంట ప్రయాణంలో బెక్వే దీవి వస్తుంది. మొత్తం 18 చదరపు కిలోమీటర్లు. మన చెన్నై ఉన్న 13వ అక్షాంశం మీదే ఉంది కాబట్టి ఎండ మనకు తెలిసిన ఎండే. ఆ దీవి పడమటి వైపున్న అడ్మిరాల్టీ బే అనే అఖాతంలో, 11 మీటర్ల తెరచాప పడవలో నేనూ మా ఆయనా ఉంటున్నాం. ఆయన ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. నేను విశాఖలో బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చాను.

మా వదిన ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది: "రోజంతా ఆ నీళ్ల మధ్య మీకేం తోస్తుందమ్మా?" తోచకపోవడానికి తీరికేదీ! ఊళ్లో కుళాయి తిప్పితే నీళ్లు, స్విచ్ వేస్తే దీపం. ఇక్కడ ఆ రెండూ మేమే సంపాదించుకోవాలి, ఇల్లు రాత్రికి రాత్రి జరిగిపోకుండా కూడా మేమే చూసుకోవాలి.

పొద్దున్నే మా ఆయన చేసే మొదటి పని పైకెక్కి ఒడ్డు వంక చూడటం. ఒడ్డునున్న ఒక ఇంటి ఎర్ర కప్పూ, దాని వెనక కొండ మీది కొబ్బరి చెట్టూ ఒకే వరసలో కనిపించాలి. గాలి దిక్కు మారకుండానే ఆ వరస తప్పిందంటే లంగరు జారినట్టు.

బరువైన ఇనుప ముక్కను కిందికి వదిలితే ఆ బరువే పడవను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. మా పడవ ఎనిమిది టన్నులు, లంగరు 20 కిలోలు. ఆపేది బరువు కాదు, పట్టు. లంగరు మొన ఇసుకలోకి దిగాలంటే లాగుడు నేల వెంబడి ఉండాలి. నిటారుగా లాగితే ఊడివచ్చేస్తుంది. అందుకే ఆరు మీటర్ల లోతుకు కూడా 35 మీటర్ల గొలుసు వదులుతాం. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు రెండు కిలోల పైమాటే, దానిలో చాలా భాగం అడుగున పడి ఉంటుంది. గాలి పడవను వెనక్కి ఈడ్చినప్పుడు ముందు ఆ గొలుసంతా పైకి లేవాలి, ఆ తర్వాతే లంగరు మీద పూర్తి భారం పడుతుంది. లంగరు వేసిన ప్రతిసారీ ఆయన ఈత కళ్లద్దాలు పెట్టుకుని దూకి, మొన పూర్తిగా దిగిందో లేదో చూసివస్తారు.

పైనుంచి చూస్తే ఇసుక నేల లేత నీలంగా, సముద్రపు గడ్డి పెరిగిన చోటు ముదురు రంగులో కనిపిస్తుంది. లంగరు ఇసుకలోనే వేయాలి. గడ్డిలో అది సరిగా పట్టదు, పైగా గొలుసు రాసుకుని గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. ఆ గడ్డి పచ్చ తాబేళ్ల మేత. ఒకసారి పోయిన చోట మళ్లీ అల్లుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇంత విశాలమైన ఇసుక ఉండగా, ఒడ్డుకు దగ్గరవుతుందని గడ్డిలో గొలుసు వదిలేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

నీళ్ల సంగతికొద్దాం. మా ట్యాంకుల్లో 300 లీటర్లు పడతాయి. ఇద్దరికీ కలిపి రోజుకు 20 లీటర్లు దాటనివ్వను. విశాఖలో ఒక మనిషి స్నానానికే ఒక బకెట్ నిండా అన్ని నీళ్లు పోయేవి. ఇక్కడ సముద్రంలో మునిగి, ఒళ్లు రుద్దుకుని, చివర్లో మొక్కలకు మందు కొట్టే చేతి పంపుతో రెండు లీటర్ల మంచినీళ్లు చల్లుకుంటే ఉప్పు వదిలిపోతుంది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకు వెళ్తాయి. బ్యాంకు అలవాటు పోలేదు, ఏ రోజు ఎంత వాడామో పుస్తకంలో రాస్తాను.

ఇది పడవ వాళ్ల పిసినారితనం అనుకోకండి. బెక్వేలో నది లేదు. ఇంటి కప్పు మీద పడిన వానను గొట్టాల్లోంచి ఇంటి పక్కనో కిందో కట్టిన సిమెంటు తొట్టెలోకి పట్టుకుని, ఏడాదంతా దాన్నే వాడుకునే ఊరు ఇది. జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. ఆ నెలల్లో ఒడ్డున ఎవరింటికైనా వెళ్లి నీళ్లు పట్టుకుంటామని అడగడం మాకు మనసొప్పదు. అది వాళ్లు దాచుకున్న వాన. డబ్బిస్తే నీళ్లు తెచ్చిపోసే పడవ ఒకటి అఖాతంలో తిరుగుతుంటుంది, అవసరమైతే దాన్ని పిలుస్తాం.

వాన పడితే మాత్రం పండగే. పడవ మీద పరదా కట్టి, మధ్యలో గొట్టం బిగించి ట్యాంకులోకి వదులుతాం. మొదటి పది నిమిషాల నీళ్లు పట్టకూడదు. ఎండాకాలం చివర నుంచి ఇక్కడి గాలిలో సహారా ఎడారి దుమ్ము వస్తుంది, అట్లాంటిక్ మహాసముద్రం మొత్తం దాటి మరీ. పరదా మీద ఎర్రటి పొరలా పేరుకున్న ఆ దుమ్ము కడుక్కుపోయాకే గొట్టం తిప్పాలి. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే యంత్రం కూడా మాకుంది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల ఉప్పుంటుంది. ఆ నీటిని గాలి పీడనానికి 50 రెట్లకు పైగా ఒత్తిడితో సన్నటి పొర గుండా నెడితే ఉప్పు ఇవతలే ఆగిపోతుంది. కానీ పడవలు గుమిగూడిన చోట నీటి మీద నూనె చుక్క ఉన్నా ఆ పొర పాడవుతుంది. అందుకని బయటి సముద్రంలోకి వెళ్లినప్పుడే దాన్ని నడుపుతాం. మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయడం కూడా అలా దూరంగా, లోతు నీళ్లలోకి వెళ్లాకే. ఈ అఖాతంలో పిల్లలు ఈత నేర్చుకుంటారు.

కరెంటు 400 వాట్ల సోలార్ పలకలది. దానిలో సగం ఫ్రిజ్ ఒక్కటే తినేస్తుంది. అందుకే మిక్సీకి ముహూర్తం మిట్టమధ్యాహ్నం. ఎండ నడినెత్తికి వచ్చి బ్యాటరీలు నిండాక ఇడ్లీ పిండి రుబ్బుతాను. ఈ వేడికి తెల్లవారకముందే పొంగుతుంది.

కూరగాయలకు చిన్న రబ్బరు పడవలో పోర్ట్ ఎలిజబెత్ ఊరికి వెళ్తాం. అట్టపెట్టెలు పడవలోకి రానివ్వం, బొద్దింక గుడ్లు వాటిలోనే దాక్కుని వస్తాయి. సామాను సంచుల్లోకి మార్చుకుని పెట్టె ఒడ్డునే పారేస్తాం. బజారులో చామదుంపలు, చింతపండు, కొబ్బరికాయలు, ఏడాది చివర్లో పచ్చి కందికాయలు. మొదటిసారి ఆ కందికాయల కుప్ప చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఉడికించి ఉప్పు చల్లుకుని తింటే అచ్చం మన పల్లెలో తిన్నట్టే. సీమపనస కాయలైతే ఎటు చూసినా అవే. బానిసలకు చవకైన తిండి కోసమని బ్లై అనే ఆంగ్లేయ ఓడ కెప్టెన్ 1793లో తాహితి దీవి నుంచి ఆ మొక్కలను సెయింట్ విన్సెంట్‌కు తెచ్చాడు. నేను ఆ కాయలను వేపుడు చేస్తాను.

అదే సెయింట్ విన్సెంట్‌కు 1861 జూన్ 1న మద్రాసు నుంచి 'ట్రావన్‌కోర్' అనే ఓడ వచ్చింది. చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద తెచ్చిన మనుషులు దానిలో ఉన్నారు. ఇప్పుడక్కడ జూన్ 1ని భారతీయుల రాక దినంగా జరుపుకుంటారు. భాషలు పోయాయి. రొట్టెలో చుట్టిన కూర మాత్రం దేశమంతటి తిండి అయింది. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లలో మన ఉత్తరాంధ్ర మనిషి ఎవరైనా ఉన్నారేమోనని, సెయింట్ విన్సెంట్ వెళ్లినప్పుడల్లా ముఖాల్లోకి చూస్తాను.

మధ్యాహ్నాలు మరమ్మతులకే పోతాయి. పంపు, తాడు, ఇంజన్, ఏదో ఒకటి ఉప్పుకు లొంగిపోతూనే ఉంటుంది. పడవ అడుగున పట్టే పాచిని మునిగి గీకాలి. సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య చీకటి పడుతుంది. తెరచాప కొయ్య చివర తెల్ల దీపం వెలిగించాలి, లంగరు వేసిన పడవకు అది సముద్ర నియమం. రబ్బరు పడవను నీళ్లలోంచి పైకెత్తి కడతాం. నిద్ర ఏకబిగిన ఉండదు. ఉత్తరపు అలలు దీవి చుట్టూ తిరిగి అఖాతంలోకి వచ్చిన రాత్రి మంచం మీద నిలకడగా పడుకోవడమే కష్టం. "ఏమండీ, గాలి మారినట్టుంది, ఒకసారి చూడండి" అని లేపుతాను. ఆయన విసుక్కోరు.

జూన్ నుంచి నవంబరు చివరిదాకా హరికేన్ల కాలం. 2024 జూలై 1న బెరిల్ ఈ దీవుల మీద పడింది. మాకు దక్షిణాన ఉన్న యూనియన్ దీవిలో దాదాపు ప్రతి ఇంటికీ దెబ్బ తగిలింది. కారియాకూ దీవిలో మడ అడవిలోకి దూరి, తాళ్లతో చెట్లకు కట్టుకున్న పడవలు కూడా ఒకదాని మీద ఒకటి పడి పగిలిపోయాయి. 2014లో హుద్‌హుద్ తుపాను రోజు విశాఖలో మా తలుపు పట్టుకుని నిలబడ్డదాన్ని. ఆ చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

బెరిల్ రాకముందు, హరికేన్ల నుంచి తప్పుకోవడానికి దక్షిణాన గ్రెనడా చేరితే చాలనుకునే పడవ వాళ్లు ఎక్కువ. ఇప్పుడు మా ఆయన మే నెలాఖరుకే ట్రినిడాడ్ వెళ్లిపోవాలంటారు, నేనూ ఒప్పుకున్నాను. బజారులో నాకు కందికాయలు అమ్మే ఆమెకు ఆ వీలు లేదు. ఆమె ఇల్లు కొండ వాలులో ఉంది. కప్పు ఎగిరిపోతే ఇంటితోపాటు ఏడాది నీళ్లూ పోతాయి, ఆ కప్పే కదా వాన పట్టేది. రేకులను దూలాలకు బిగించే ఇనుప పట్టీలు తెచ్చిపెట్టమని అడిగింది. తర్వాతి సీజను కోసం ఎదురుచూడకుండా, దక్షిణానికి వెళ్లే ముందే కొని ఇచ్చేసి, మా ఆయన చేత బిగింపించి వెళ్దామనుకుంటున్నాం.