రేకుల షెడ్డు.. గాలికి నిలిచేనా?

ఇంటిముందు కాస్త జాగా ఉంటే చాలు.. ఒకప్పుడు ఎండాకాలం రాగానే తాటాకు పందిరి లేచేది. కింద చల్లగా ఉండేది గానీ, ఆకు చివికిపోగానే మళ్లీ కప్పించాల్సిందే. ఆ ఓపిక ఇప్పుడెవరికుంది? వరండా ముందైనా, డాబామీదైనా రేకుల షెడ్డే. ఒకసారి వేయించేస్తే ఇక చూడక్కర్లేదనుకుంటారు. చిక్కంతా అక్కడే!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఎగిరిపోయిన రేకులు ఎన్నో. మూడువైపులా తెరిచి ఉండే షెడ్డులోకి గాలి కిందినుంచి దూరి కప్పును పైకి లేపుతుంది. అంచులు, మూలల మీదే ఒత్తిడి ఎక్కువ. అందుకే అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా ఉండాలి. స్తంభాలు నేలలో కాంక్రీటుతో దిగాలి. రేకులు కదలకుండా ఇటుకలు, బండరాళ్లు పెట్టడం మన దగ్గర మామూలే. పెనుగాలికి రేకుతోపాటు ఆ రాయీ ఎవరి నెత్తిమీద పడుతుందో!

ఇనుప రేకుకు జింకు పూతే ప్రాణం. సముద్రం దగ్గర ఉప్పుగాలికి అది త్వరగా పోతుంది. తుప్పు ముందుగా బోల్టుల చుట్టూ, కోసిన అంచుల్లో, ఆకులు కుళ్లి తడి నిలిచేచోట మొదలవుతుంది. గ్రైండరుతో కోస్తే ఆ వేడికి పూత కాలిపోతుంది. కాబట్టి రేకుల కత్తెర వాడమనండి. బోల్టుకింద రబ్బరు వాషర్లు ఎండకు బిరుసెక్కి పగులుతాయి. కారడం మొదలయ్యాక తారు పూసే బదులు, రోహిణి కార్తెలోనే వాటిని మార్చి, ఆకులు ఊడ్పించి, తుప్పు గీకి ప్రైమరు, పెయింటు వేయిస్తే సరి.

వెలుతురు కోసం పాలికార్బనేట్ షీటు వేయిస్తుంటే, ఎండను తట్టుకునే పూత చాలావాటికి ఒకవైపే ఉంటుంది. ఆ వైపు పైకి రాకపోతే పచ్చబడి పెళుసెక్కుతుంది. వేడికి సాగుతుంది కనుక రంధ్రం స్క్రూకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పాత సిమెంటు రేకులతోనే. చూడటానికి గట్టిగానే ఉంటాయి. నేరుగా కాలుపెడితే పుటుక్కున విరుగుతాయి. నీళ్ల ట్యాంకు చూడ్డానికో, పిల్లల బంతి తీయడానికో ఎక్కి పడిపోయేది ఇలాగే. ఎక్కక తప్పకపోతే దూలం నుంచి దూలానికి గట్టి చెక్క వేసి దానిమీదే నడవాలి. వాటిలో ఉండే ఆస్‌బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ ముప్పు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నాచు పట్టిందని తీగ బ్రష్షుతో రుద్దడం, కొత్త బోల్టుకోసం పొడిగా డ్రిల్లు చేయడం వద్దు. మార్చేటప్పుడు సుత్తితో పగలగొట్టకుండా, తడిపి, బోల్టులు విప్పి నిండు రేకునే దింపించండి. ఆ పూట పిల్లల్ని పక్కింటికి పంపేయండి.