కొమ్మను మట్టికి చేర్చే చక్రం

నరికి దింపిన కొమ్మల కుప్పలో కలప తక్కువ, ఖాళీ ఎక్కువ. పంగలు చీలిన కొమ్మలు ఒకదానిలో ఒకటి ఒదగవు కాబట్టి పైకి నిండుగా కనిపించే లారీ నిజానికి మోయగలిగిన బరువులో కొద్ది భాగమే మోస్తుంది. అదే కొమ్మలను చిన్న ముక్కలుగా తరిగితే వాటి పరిమాణం ఐదో వంతుకు, సన్నని రెమ్మలైతే అంతకన్నా తక్కువకు పడిపోతుంది. ఈ పని చేయడానికి పుట్టిన యంత్రం వుడ్ చిప్పర్. దాని చరిత్రలో తొలి భాగమంతా కలపను కర్మాగారానికి, కొమ్మలను ఊరి బయటికి చేర్చడం గురించినదే కాగా, కొమ్మలు పుట్టిన నేలకే వాటిని తిరిగి ఇవ్వవచ్చన్న ఎరుక చాలా ఆలస్యంగా వచ్చింది.

తొలి చిప్పర్‌ను 1884లో రూపొందించిన ఘనత జర్మనీ ఉత్తర కొసన ఉన్న మాస్‌బ్యూల్ గ్రామానికి చెందిన పీటర్ యెన్సెన్‌కు దక్కుతోంది. పొలాల చుట్టూ మట్టిగట్లు వేసి వాటిమీద చెట్లను కంచెగా పెంచడం, పది పదిహేనేళ్లకొకసారి వాటిని మొదలంటా నరికి మళ్లీ చిగురించనివ్వడం ఆ ప్రాంతపు వ్యవసాయంలో భాగం కాబట్టి, అక్కడ తరగవలసిన కొమ్మలకు కొదవ లేదు. దాదాపు ఆ కాలంలోనే కాగితపు పరిశ్రమకూ కలప ముక్కల అవసరం పెరిగింది. కలపలోని పోగులను అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురు పదార్థాన్ని రసాయనాల్లో ఉడికించి కరిగించే సల్ఫైట్ పద్ధతికి బెంజమిన్ టిల్గ్‌మన్ 1867లో పేటెంట్ పొందగా, నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్న క్రాఫ్ట్ పద్ధతిని 1879లో కార్ల్ దాల్ కనుగొన్నాడు. ఉడికించే ద్రావణం ముక్క నడిబొడ్డు వరకూ చేరాలంటే ముక్కలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండాలి. లావు ముక్క లోపల పచ్చిగా మిగిలిపోతుంది, పొడి అయినది అతిగా ఉడికి పోగులు చెడిపోతాయి. రాజమహేంద్రవరం, సారపాక కాగితపు మిల్లులకు రైతులు పెంచి తోలే సుబాబుల్, జామాయిల్ దుంగలు మొదట దాటవలసిన గడప చిప్పరే.

యంత్రం లోపల జరిగేది చూడడానికి నరకడంలా ఉన్నా, అందులో రెండు వేరువేరు చర్యలు ఇమిడి ఉన్నాయి. బరువైన ఉక్కు చక్రపు ముఖానికి బిగించిన రెండు మూడు కత్తులు, పశువుల మేత కత్తిరించే చాఫ్ కట్టర్ చక్రానికున్న కత్తుల్లాగే, తిరుగుతూ వచ్చి కదలని ఒక ఉక్కు దన్నును ఒరుసుకుంటున్నట్టుగా దాటిపోతాయి. చక్రానికి ఏటవాలుగా వచ్చే కొమ్మ ఆ దన్ను మీద ఆనగానే కత్తి మొన కలప నారను అడ్డంగా తెంచుతుంది. ఆ వెనుకే వచ్చే కత్తి వాలు తెగిన భాగాన్ని పక్కకు నెడుతుంది కాబట్టి, కలప తన నార వెంబడి తానే చీలి పలుచని బిళ్లలుగా విడిపోతుంది. అందువల్ల ముక్క పొడవును యంత్రం నిర్ణయిస్తే, దాని మందాన్ని చాలావరకు కలప స్వభావమే నిర్ణయిస్తుంది. పొడవు లెక్క సులువు: రోలర్లు కొమ్మను నిమిషానికి 30 మీటర్ల వేగంతో లోపలికి నెడుతూ, రెండు కత్తులున్న చక్రం నిమిషానికి 1000 చుట్లు తిరిగితే, ఒక్కో కత్తి వేటుకు 15 మిల్లీమీటర్ల కొమ్మ ముందుకు వస్తుంది, ముక్క పొడవూ అంతే అవుతుంది. కత్తి మొద్దుబారినా, కత్తికీ దన్నుకూ మధ్య సందు పెరిగినా పచ్చి బెరడు తెగక నార పీచులుగా లాగబడి, యంత్రానికే చుట్టుకుంటుంది. చక్రానికి బదులు పీపా వంటి డ్రమ్ము మీద కత్తులు బిగించిన రకం కూడా విరివిగా వాడుకలో ఉంది.

చిన్న ఇంజన్ లావు కొమ్మను ఎలా తెంచగలుగుతుందన్న ప్రశ్నకు సమాధానం చక్రపు బరువులో ఉంది. 60 కిలోల బరువు, 60 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం నిమిషానికి 1200 చుట్లు తిరుగుతున్నప్పుడు అందులో నిల్వ ఉండే గతిజశక్తి, అంటే చలనం వల్ల కలిగే శక్తి, సుమారు 21 వేల జౌళ్లు. అదే చక్రాన్ని పదంతస్తుల మేడ పైకి చేర్చడానికి పట్టేంత శక్తి అది. కత్తి తగిలిన క్షణంలో చక్రం ఈ నిల్వలోంచి కొంత ఖర్చుపెడుతుంది, తరువాతి వేటులోగా ఇంజన్ దాన్ని భర్తీ చేస్తుంది. ఇంజన్ ఆపాక కూడా చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉండడానికి కారణమూ ఈ నిల్వే.

చిప్పర్ కర్మాగారం వదిలి వీధిలోకి రావడానికి కరెంటు తీగలు కారణమయ్యాయి. తీగల మీదికి పెరిగే చెట్లను కత్తిరించే పనికోసం 1928లో ఆస్‌ప్లండ్ సోదరులు అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థాపించిన సంస్థ, రోజూ పోగుపడే కొమ్మల భారం తగ్గించుకోవడానికి 1940ల చివర లారీ వెనుక లాక్కుపోగల చిప్పర్లను స్వయంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. ఆ తరం యంత్రాల్లో కొమ్మ వేగాన్ని అదుపు చేసే రోలర్లు ఉండేవి కావు. డ్రమ్ము కొమ్మను ఒక్క ఊపున లాగేసుకునేది, పనివాడు కొమ్మను వదిలి వెంటనే పక్కకు తప్పుకోవలసి వచ్చేది. రోలర్లు, ఎదురుతిప్పే మీట, తగిలితే చాలు ఆగిపోయే అడ్డకడ్డీ తరువాత వచ్చాయి. అయినా 1992 నుంచి 2002 వరకు అమెరికాలో 31 మంది కార్మికులు చిప్పర్ల దగ్గర ప్రాణాలు కోల్పోయారు, వారిలో ఎక్కువమంది యంత్రంలో చిక్కుకున్నవారే. సెకనుకు అర మీటరు చొప్పున కొమ్మ లోపలికి పోతున్నప్పుడు, దాని రెమ్మకు చొక్కా చెయ్యి తగులుకున్న మనిషికి మిగిలే వ్యవధి మూడు సెకన్లు కూడా ఉండదు. కొమ్మను మొదలువైపు నుంచి పెట్టి పక్కకు నిలబడడం, చిన్న రెమ్మలను చేత్తో కాక మరో పొడవాటి కొమ్మతో నెట్టడం, వేలాడే కండువాలూ వదులు తొడుగులూ లేకుండా ఉండడం అనే నియమాలు ప్రాణాలు పోయిన అనుభవం నుంచి పుట్టినవి గనుక వాటికి మినహాయింపు ఉండరాదు.

తరిగిన కొమ్మల విలువను లోకానికి చూపినవారిలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పేన్ ముఖ్యుడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రోవాన్స్ ప్రాంతంలో ఒక అటవీ క్షేత్రానికి సంరక్షకుడిగా ఉన్న ఈయన, కార్చిచ్చు రాకుండా నరికిన పొదలను ఏం చేయాలన్న ఆలోచనతో 1970లలో ట్రాక్టరుకు తగిలించే తరుగుడు యంత్రాన్ని తానే తయారు చేసుకుని, ఆ ముక్కలను తడిపి 50 టన్నుల కుప్పగా పోశాడు. కుళ్లించే సూక్ష్మజీవులు పుట్టించిన వేడి, కుప్పలో చుట్టిన గొట్టం గుండా పారే నీటిని నిమిషానికి 4 లీటర్ల చొప్పున 60 డిగ్రీలకు వేడి చేస్తూ 18 నెలలు నిలిచింది. పొద తగలబడితే క్షణాల్లో ఆవిరయ్యే శక్తే ఇక్కడ నెలల తరబడి నింపాదిగా వెలువడి, చివరకు ఎరువును మిగిల్చింది.

ఆ దశాబ్దం చివర కెనడాలోని క్విబెక్‌లో ఎడ్గార్ గే, లవాల్ విశ్వవిద్యాలయానికి చెందిన జీల్ లెమ్యు తదితరులు మరో విషయంపై దృష్టి పెట్టారు. చెట్టు పోషకాలు ఎక్కువగా ఉండేది మానులో కాదు, 7 సెంటీమీటర్ల లోపు సన్నని కొమ్మల్లో. మాను కలపలో నత్రజని ఒక పాలుంటే కర్బనం వందల పాళ్లు ఉండగా, రెమ్మల్లో ఆ తేడా చాలా తక్కువ. పారవేసే భాగమే నేలకు ఎక్కువ మేలు చేసేదని దీని అర్థం. ఈ ముక్కలను మొక్కల పాదుల్లో 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచడాన్ని మల్చింగ్ అంటారు. అది కలుపును అణచి, తేమను నిలిపి, శిలీంధ్రాల ద్వారా నిదానంగా హ్యూమస్ అనే నల్లని సారంగా మారుతుంది. నేల మీద పరిచినంతవరకు ఇబ్బంది లేదు గాని, తాజా ముక్కలను మట్టిలో కలిపి దున్నితే వాటిని కుళ్లించే సూక్ష్మజీవులు నత్రజనిని తామే వాడుకుని కొంతకాలం పైరును పస్తు పెడతాయి.

తెలుగు నేలలో ఈ యంత్రానికి పని కొదవ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో కూల్చిన చెట్లను, తెలంగాణ పల్లెల్లో ఏటా తగలబెట్టే పత్తి కట్టెను తలచుకుంటే చాలు. పత్తి కట్టెను తరిగితే అందులో దాగిన గులాబీ రంగు పురుగుకు ఆశ్రయం తగ్గుతుంది. అమెరికాలో యాష్ చెట్లను నాశనం చేసే ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగును అడ్డుకోవడానికీ సోకిన కలపను అంగుళానికి మించని ముక్కలుగా తరగాలనే నియమం పెట్టారు. కాని ప్రతి కొమ్మకూ ఒకే యంత్రం సరిపోదు. కొబ్బరి మట్టల పీచు కత్తుల చక్రానికి చుట్టుకుంటుంది కనుక వాటికి సుత్తులతో చితగ్గొట్టే ష్రెడ్డర్ మేలు. చెదలు ఎక్కువగా ఉండే మన ఊళ్లలో ఈ ముక్కలను ఇంటి గోడకు ఆనించి పోయకూడదు, చెట్టు మొదలుకూ జానెడు ఎడం వదలాలి. పెద్ద గుట్టగా నిల్వ చేస్తే లోపలి వేడికి తానే అంటుకునే ప్రమాదమూ ఉంది.

ఏడాదిలో కొన్ని రోజులే పని ఉండే ఇంత ఖరీదైన, ప్రమాదకరమైన యంత్రాన్ని ఇంటికొకటి కొనడం వివేకం కాదు. ట్రాక్టరు పనిముట్లను అద్దెకిచ్చే కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, వాటిలో ఒక చిప్పర్‌నూ దాన్ని నడపడం నేర్చిన ఇద్దరు మనుషులనూ ఉంచడం పంచాయతీలకూ పురపాలక సంఘాలకూ పెద్ద భారం కాదు. తరిగిన ముక్కలను చెత్త కుప్పలకు తోలకుండా, కొమ్మలు కొట్టిన వీధి చెట్ల పాదుల్లోనే పోయించే బాధ్యతనూ అవే తీసుకోవాలి.