ఒక పంట పోయినాక ఫోను విలువ తెలిసింది



మాకుండేది ఎకరంన్నర వి-1 మల్బరీ. ఒక పంటకు 150 గుడ్లు, చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం లేచిన పురుగులు తెచ్చుకుంటాము. పోయిన ఏడాది ఎండాకాలం ముందు పెట్టిన పంట గురించి చెప్తాము. అంతవరకు మా ఇంట్లో ఫోను అంటే మాట్లాడేదానికి, సినిమా పాటలు వినేదానికి అంతే.

ఆ పంట నాలుగో జ్వరం లేచేవరకు బ్రహ్మాండంగా వచ్చింది. ఐదో దశలో మూడో రోజు తెల్లారి షెడ్డులోకి పోతే, కింది రెండు అరల్లో పురుగులు తల ఎత్తి అటూ ఇటూ ఊపుతా, నోట్లోంచి పచ్చటి రసం కక్కుతా ఉన్నాయి. సాయంత్రానికి కుంచించుకుపోయి చచ్చినాయి. మాకు కోపమొచ్చి చాకీ కేంద్రం ఆయనకు ఫోను చేసి, "రోగం పురుగులు ఇచ్చినావు" అని నోటికొచ్చినట్లు తిట్టినాము. ఆయన ఓపికగా, "అన్నా, పై అరలో పురుగులు ఎట్లున్నాయి?" అని అడిగినాడు. చూస్తే పై అరలో ఒక్కటి కూడా చావలేదు.

మా పాప రోజూ షెడ్డు, తోట ఫోటోలు తీసి పెట్టుకునేది. ఆ రాత్రి అందరం కూర్చుని ఒక్కొక్కటే తిరగేసినాము. ప్రతి ఫోటోకూ తేదీ, టైము ఉంది. ముందురోజు పొద్దున తూర్పు గట్టు పక్క కొమ్మలు కోసి కింది రెండు అరలకు వేసినాము. అవి చాలక పై అరకు బావి పక్క తోటవి వేసినాము. దానికి ముందురోజు సాయంత్రం తీసిన ఇంకో ఫోటోలో, గట్టు అవతల టమాటా తోటలో వీపుకు పంపు తగిలించుకుని మందు కొడుతున్న మనిషి కనిపించినాడు. గాలి మా తోట వైపే.

ఆ మనిషిది తప్పని మేము అనము. ఆయన పంట ఆయన కాపాడుకోవాల గదా. టమాటా కాయ తొలిచే పురుగూ, మన పట్టుపురుగూ రెండూ గొంగళి జాతివే. దాన్ని చంపే మందు దీన్నీ చంపుతుంది. కొన్ని కొత్త మందులైతే ఆకుమీద చాలా రోజులు ఉంటాయి, చిటికెడు తగిలినా పురుగు నిలవదు. 150 గుడ్లకు మాకు మిగిలింది 31 కిలోలు. కూలీ ఖర్చు కూడా రాలేదు.

తర్వాత మేము చేసినవి నాలుగు.

మొదటిది, గట్టు గ్రూపు. చుట్టుపక్కల తోటల వాళ్ళం పదకొండు ఇళ్ళవాళ్ళం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాము. ఎవరు మందు కొట్టాలన్నా ముందురోజే ఏ చేను, ఏ మందు అని డబ్బా ఫోటోతో పెట్టాల. మేము ఆ పక్క ఆకు ముందే కోసుకుంటాము, లేదంటే వదిలేస్తాము. ఎన్నాళ్ళు వదలాలో డబ్బా ఫోటో పట్టుశాఖ వాళ్ళకు పంపి అడుగుతాము. అనుమానం ఉన్న ఆకు ముందు ఇరవై పురుగులకు విడిగా వేసి, ఒక రోజు చూసి గానీ షెడ్డుకు వేయము.

రెండోది, వేడి చూసే చిన్న డిజిటల్ మీటరు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దాని ఫోటో తీస్తాము. పెద్ద పురుగులకు 24-25 డిగ్రీలు, తేమ 65-70 శాతం ఉండాల. మా షెడ్డు మధ్యాహ్నం 33 దాటుతోందని అప్పుడే తెలిసింది. అంతవరకు "కొంచెం ఉక్కగా ఉంది" అనుకునేవాళ్ళం. పైకప్పు మీద కొబ్బరి మట్టలు పరిచి, కిటికీలకు తడి గోనెలు కట్టినాము.

మూడోది, లెక్క. పంట పంటకూ గుడ్లు, చాకీ ఖర్చు, కూలీ, కిలోలు, రేటు ఫోనులో రాసుకుంటాము. పంట నష్టం ఎక్కడ వచ్చిందో కాగితం ముక్కలు చెప్పవు, అవి పోతాయి. జోడు గూళ్ళు, మరక గూళ్ళు ఏరేసి తీసుకుపోయిన లాట్లకే మంచి రేటు పడిందని ఈ లెక్కే చూపించింది.

నాలుగోది, మార్కెట్టు. రామనగర, శిడ్లఘట్ట మార్కెట్లలో ఇప్పుడు వేలం ఆన్‌లైనులోనే. రీలర్లు ఫోనులో పాడతారు, డబ్బు మన ఖాతాకే వస్తుంది. రేటు నచ్చకపోతే కాదనే హక్కు మనకుంది. అయితే గ్రూపుల్లో తిరిగే రేటు ఎవరిదో మంచి లాటుది, దాన్ని చూసి ఆశపడి గూళ్ళు ఇంట్లో పెట్టుకోవద్దండి. లోపల చిలుక తయారైతే గూడు తూట్లు పడుతుంది. ఇంకో మాట: డబ్బు రావడానికి పిన్ను నొక్కే పనే లేదు. ఎవరైనా పిన్నో, ఓటీపీయో అడిగితే ఫోను పెట్టేయండి.

ఆ తర్వాత వరసగా రెండు పంటలు 98 కిలోలు, 104 కిలోలు వచ్చినాయి. అంతా ఫోను మహిమ అనము. షెడ్డు కడిగి సున్నం, బ్లీచింగు వేసే చేతులు మనవే. కానీ పొరపాటు ఎక్కడ జరిగిందో ఫోను చూపించింది.

చాకీ కేంద్రం ఆయన దగ్గరికి పోయి తప్పయిందని చెప్పినాము. ఆయన నవ్వి, "టీ తాగి పోండి" అన్నాడు. మీరు రేపే మొదలు పెట్టాలంటే ఒక్కటి చేయండి: పక్క చేను రైతు నెంబరు ఫోనులో ఎక్కించుకోండి. మందు కొట్టకముందే ఆయనతో మాట్లాడండి.