తాతయ్య పాటకి ఓ సీడీ

అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట గొలుగొండ మండలంలోదే. 1922లో మొదలైన ఆ పోరాటం మీద ఎన్ని బుర్రకథలు, ఎన్ని పాటలో! మీ ఇంట్లో తాతయ్యకి అలాంటి పాటొకటి వచ్చనుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో రికార్డ్ చేసి చుట్టాలందరికీ పంపేశారు. అందరూ విన్నారు, పాడినాయన తప్ప! ఆయనకి టచ్‌ఫోన్ అంటే చిరాకు. బటన్ నొక్కితే పాడే పాత సీడీ ప్లేయరే ఇష్టం.

సరే, సీడీ చేద్దాం. పాత ల్యాప్‌టాప్, అందులో ఉచితంగా దొరికే లైనక్స్, ఓ సీడీ రైటర్ చాలు. కానీ ఫైల్‌ని అలాగే డిస్క్‌లోకి కాపీ చేస్తే ఆ ప్లేయర్ పాడదు. వాట్సాప్ వాయిస్ ‘ఓపస్’ అనే ఫార్మాట్‌లో ఉంటుంది. ఆడియో సీడీకి 1980లో సోనీ, ఫిలిప్స్ కలిసి పెట్టిన కొలతలే కావాలి: సెకనుకి 44,100 శాంపిళ్లు, 16 బిట్లు, రెండు ఛానెళ్లు. ఓపస్ తెరుచుకునేది మామూలుగా 48,000 శాంపిళ్లతో. ఆ తేడా సరిచేయకుండా రాస్తే తాతయ్య గొంతు సాగిపోయి, బొంగురుగా వినిపిస్తుంది.

లైనక్స్‌లో ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్’ ఈ పని చిటికెలో చేస్తుంది. టెర్మినల్‌లో ఒక్క లైను: ఏ ఫైలు, ఎన్ని శాంపిళ్లు, ఎన్ని ఛానెళ్లు, చివర్లో వేవ్ ఫైల్ పేరు. అంతే.

అయితే ఒక్క మాట. నిమిషం ఆడియో సీడీలో దాదాపు 10 ఎంబీ తీసుకుంటుంది. చిన్న ఫైలు అంత పెద్దదైంది కదాని క్వాలిటీ పెరిగిందనుకోకండి. వాట్సాప్ సైజు తగ్గించడానికి కోసేసిన ధ్వని ఏ కన్వర్టర్‌తోనూ తిరిగి రాదు. అందుకే తాతయ్యకి ఓపిక ఉన్నప్పుడే ఇంకోసారి పాడించండి. ఈసారి వాట్సాప్‌లో కాదు, ఫోన్ రికార్డర్ యాప్‌లో, హై క్వాలిటీ పెట్టి, ఫ్యాన్ ఆపేసి.

రాయడానికి ‘కేత్రీబీ’ గానీ ‘బ్రసెరో’ గానీ తెరవండి. ‘డేటా’ కాదు, ‘ఆడియో’ సీడీ ఎంచుకోండి. డిస్క్‌లో పట్టేది 80 నిమిషాలే. బుర్రకథ లాంటిది ముక్కలుగా ఉంటే ‘డిస్క్ ఎట్ వన్స్’ పెట్టండి. ‘ట్రాక్ ఎట్ వన్స్’ పెడితే ట్రాకుల మధ్య రెండేసి సెకన్లు ఖాళీ పడి, కథకుడు ఊపులో ఉన్నప్పుడు గొంతు నొక్కినట్టుంటుంది! సీడీ-ఆర్ కొనండి. చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూని చాలా పాత ప్లేయర్లు చదవలేవు.

రాసిన సీడీ ఎండ తగిలితే పాడవుతుంది. అసలు రికార్డింగ్‌ని చెరపకుండా పెన్‌డ్రైవ్‌లోనూ, ఇంకోచోటా దాచండి. డిస్క్ మీద పేరు, ఊరు, తేదీ మార్కర్‌తో రాసి, ఒకసారి ప్లేయర్‌లో పెట్టి చూశాకే తాతయ్య చేతికివ్వండి.